కట్టుడుపన్ను

పళ్ళు తోముకుంటుంటే ముందుపన్ను కదిలింది.

గిరిజ బ్రష్ ఆపేసింది. నాలుకతో మెల్లగా నెట్టి చూసింది. మళ్ళీ కదిలింది. అద్దంలో తన ముఖం పాలిపోయి కనిపించింది.

అది ఆమె సొంత పన్ను కాదు. ఇంటర్ చదివేటప్పుడు హన్మకొండలో స్కూటీ మీంచి పడితే అసలుది పోయింది. దాని చోట ఇది కట్టించారు. ఆ సంగతి దాచకుండా చెప్పినందుకు ఒక సంబంధం అక్కడికక్కడే తప్పిపోయింది. రెండో సంబంధం విక్రాంత్‌ది. ఈసారి అమ్మ ముందే గట్టిగా చెప్పింది.

"ఈ ముచ్చట నీ నోట్లకెళ్లి బయటికి రావద్దు. పెండ్లయినంక అసలే వద్దు."

పెళ్ళయి ఆరు నెలలు. కాపురం జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో. విక్రాంత్‌కి అక్కడి కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో అక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డ్ పర్మిట్. ఇన్నాళ్ళూ గిరిజ రహస్యాన్ని పంటి బిగువున దాచుకుంది. ఇప్పుడు ఆ పంటికే బిగువు పోయింది.

విక్రాంత్ చెడ్డవాడేం కాదు. గొంతు పెంచి ఎరగడు. కానీ మహా పద్ధతి మనిషి. యాపిల్ తెస్తే కొరుక్కు తిననివ్వడు, సన్నగా కోసి పళ్ళెంలో పెడతాడు. మొక్కజొన్న పొత్తులు ఉడికిస్తే గింజలు ఒలిచి గిన్నెలో పోస్తాడు. జర్మన్లు ప్రాణం పెట్టే గట్టి రొట్టెను గడప దాటనివ్వడు. అమ్మ పంపిన సకినాలను కూడా చిన్న ముక్కలు చేసి చాయ్‌లో వేసి ఇచ్చాడు.

"సకినాలు ఇట్ల తింటరా ఎవరన్న?" అని గిరిజ నవ్వితే, "నాకు ఇట్లనే మంచిగుంటయి" అన్నాడు.

యాపిల్ ముక్క తీరుగా లేకపోతేనే ఓర్చుకోని మనిషి. పెళ్ళాం పన్ను నకిలీదని తెలిస్తే ఊరుకుంటాడా?

ఆ మనిషే ఇప్పుడు పళ్ళ ఇన్సూరెన్స్ మీద పడ్డాడు. ఇక్కడి మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ పళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేయి ముడుచుకుంటుందట. విడిగా ఇంకొకటి తీసుకోవాలట. గిరిజ ఆపడానికి చూసింది.

"మన పండ్లకేమైంది? మంచిగనే ఉన్నయి గద. దండగ."

"దండగేం కాదు."

"మీ ఆఫీసుల ఎవ్వరు తీసుకోలేదన్నరు గద?"

"వాళ్ళ ముచ్చట వేరే."

మూడు వారాలుగా అదే పని. రోజుకో కంపెనీ చూసేవాడు, రోజుకో కంపెనీని కాదనేవాడు. ఎందుకని అడిగితే "వీళ్ళు అడిగేది ఎక్కువ" అని ఊరుకునేవాడు. పీనాసితనం అనుకుని గిరిజ లోలోపల సంతోషించింది. ఆ సంతోషం నిలవలేదు. నిన్న ఒకటి ఖాయం చేశాడు. చూసినవాటన్నిటిలో ఖరీదైనది అదే. సంతకాలకు ఈ సాయంత్రమే అనంతరామ్ గారు వస్తున్నారు. ఆయన పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఇంజనీరుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దాయన. రిటైరయ్యాక మనవాళ్ళకు ఇన్సూరెన్సులు చేయిస్తుంటారు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ అంకులే.

మధ్యాహ్నం గిరిజకు ముద్ద దిగలేదు. ఎవరికీ తెలియకుండా డెంటిస్ట్ దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుందామంటే, ఈ దేశంలో దగ్గినా తుమ్మినా ఇంటికి ఉత్తరం వస్తుంది. ఇదే దేశంలో జీగెన్ అనే ఊళ్ళో చదువుకుంటున్న స్నేహితురాలు అనూహ్యకు ఫోన్ చేసింది.

"పండ్ల ఇన్సూరెన్స్ తీసుకున్నప్పుడు నిన్ను ఏమేం అడిగిండ్రే?"

"కట్టించుకున్న పండ్లు ఎన్ని అని అడిగిండ్రు. అబద్ధం చెప్తే తర్వాత డెంటిస్ట్‌ను అడిగి పట్టుకుంటరంట. ఏమైందే?"

"ఏం లేదు. ఊకెనే."

నిజం చెబితే ఈ సాయంత్రమే బయటపడుతుంది. అబద్ధం చెబితే ఏదో ఒకరోజు విక్రాంత్ చేతికే ఉత్తరం వస్తుంది. మొదటి సంబంధం వాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే నాన్న చెప్పులు లేకుండా గేటు దాకా పరిగెత్తడం గుర్తొచ్చింది.

అనంతరామ్ వచ్చారు. చాయ్ తాగారు. కాగితాలు బల్ల మీద పెట్టారు. గిరిజ పై పెదవి అదిమిపట్టి కూర్చుంది. నోరు తెరిస్తే పన్ను ఊడి కప్పులో పడుతుందేమోనని ఆమె భయం.

అంతలో కింది ఇంటి ముసలాయన బెల్ కొట్టాడు. అంకుల్ కారు ఆయన పార్కింగ్‌లో ఉందట. తాళాలు తీసుకుని విక్రాంత్ కిందికి వెళ్ళాడు.

మళ్ళీ ఈ అవకాశం రాదు.

"అంకుల్, మీకొక మాట చెప్పాలె." గిరిజ తలుపు వైపు ఒకసారి చూసింది. "నా ముందుపన్ను కట్టుడుపన్ను. పొద్దుటి నుంచి కదులుతున్నది. మా ఆయనకు తెల్వదు. పెండ్లికి ముందు మేము చెప్పలేదు."

అనంతరామ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ ప్రశ్న ఆయన ముందర అడగకుండ్రి. మీ కాళ్ళు మొక్కుత. తెలిస్తే నన్ను మా ఇంటికి పంపిస్తడు. మా నాయిన తట్టుకోలేడు."

మెట్ల మీద విక్రాంత్ అడుగుల చప్పుడు వినిపించింది. గిరిజ గబగబా కళ్ళు తుడుచుకుంది.

అనంతరామ్ కాగితాలు ఆమె వైపు జరిపి గొంతు తగ్గించారు.

"'మా ఆవిడ ముందుపన్ను సంగతి ఆవిడ నోటితో చెప్పాల్సిన పని లేని పాలసీ ఏదైనా ఉంటే, ఎంతైనా సరే చూడండంకుల్' అని మూడు వారాలుగా నా వెంట పడింది మీ ఆయనేనమ్మా."