కాసులపేరు ఉన్న గోడ

పెంచల్ ఆటో నడుపుతున్నాడే గాని, వాడి చెవులు రెండూ వెనక సీట్లోనే ఉన్నాయి.

వెనక కూర్చున్నది వాడి చిన్నమ్మ విజయకుమారి, ఆమె పక్కింటి రోజారమణి. నెల్లూరులో బజారు చేసుకొని మైపాడు తిరిగొస్తున్నారు. ఇంజను చప్పుడులో వినపడదనుకున్నారో ఏమో, గుసగుసలు మొదలుపెట్టారు.

"మా అత్త కాసులపేరు ఏమైందో ఇప్పటికి తెలిసింది," అంది చిన్నమ్మ. " ఎవురికీ ఇయ్యకుండా ఇంట్లోనే గోడలో పెట్టి మెత్తించేసిందంట. ఏ గోడో చెప్పకుండానే పొయ్యింది."

"మీ ఆయనకు చెప్పినావా?"

"చెప్తే ఇంకేమన్నా ఉండాదా! గడ్డపార ఎత్తుకొని ఇల్లంతా పడగొడతాడు."

"మెల్లగా మాట్లాడక్కా, వాడు వింటాడు," అంది రోజారమణి.

వాడు విన్నాడు. వినడమే కాదు, మైపాడు చేరేలోపు ఆ కాసులపేరు అమ్మి సొంత ఆటో కొనేశాడు, ముందు అద్దం మీద పేరు కూడా రాయించేశాడు. ఇప్పుడు నడిపేది బాడుగ ఆటో. రోజూ సాయంత్రం దాన్ని ఓనరుకు అప్పగించేటప్పుడు వాడికి కడుపు మండిపోయేది.

కానీ చిన్నమ్మ ఇంట్లో ఉండగా గోడలు తవ్వడమెలా? చిన్నాయన బెడద లేదు. రొయ్యల గుంటల దగ్గర కాపలా, ఆదివారం తప్ప ఇంటికి రాడు. బుర్ర బద్దలు కొట్టుకోగా కొట్టుకోగా దారి దొరికింది.

విజయకుమారి ఎప్పట్నుంచో ఇంటి లోపల సున్నం కొట్టించాలని గోల పెడుతోంది. పెయింటు వాసన ఆమెకు పడదు, ఒకటే దగ్గు. పైగా సముద్రపు గాలికి ఆ పెయింటు బొబ్బలు లేచి అన్నంలో రాలుతోంది. అయితే ప్లాస్టిక్ పెయింటు మీద సున్నం నిలవదు. పాతదంతా గోకి గోడను బయటపెట్టాలి. ఆ గోకుడుకు భయపడి పెయింటర్లెవరూ ఆ ఇంటి వైపు రావడం లేదు. పోయినేడు పెంచల్‌నే బతిమాలితే, నడుం నొప్పని తప్పించుకున్నాడు.

తెల్లారగానే గోకుడు రేకు పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు.

"చిన్నమ్మా, సున్నం నేను కొడతా."

"మరి నీ నడుమో?"

"నీ దగ్గు వింటా ఉంటే నా నడుం నాకు గుర్తు రావటంలే."

"నా బంగారే," అని ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పడమటి గదిలో మొదలుపెట్టాడు. గోకుతూ, వేళ్లతో గోడను తడుతూ పోయాడు. చప్పుడు గుల్లగా వచ్చిందంటే లోపల ఖాళీ ఉన్నట్టే కదా! మొదటి గోడే గుల్లగా మోగింది. ఉలీ సుత్తీ తెచ్చి పెచ్చు ఊడగొట్టాడు. ఇసుక రాలింది, ఇటుక కనపడింది, అంతే. ఉప్పుగాలి తిన్న ఇళ్లలో సిమెంటు పూత లోపల్నుంచి వదిలేసి, ఎక్కడ తట్టినా అలాగే మోగుతుందని ఆ మహానుభావుడికి తోచలేదు.

"అయ్యో, ఆడ పెచ్చు లేచిందా?" అంటూ వచ్చింది విజయకుమారి. "సున్నం, ఇసక కలిపి మెత్తెయ్ నాయనా. ఆ పక్క గోడ ఇంకా పాడుగా ఉండాది. మా అత్త మంచం ఎప్పుడూ దానికే ఆనించి ఉండేది."

ఆ పక్క గోడను ఆ పూటే నిలువునా వలిచేశాడు.

ఊడగొట్టింది మెత్తక తప్పలేదు. మెత్తినదానికి సున్నం కొట్టకా తప్పలేదు. సున్నపురాళ్లు తొట్టిలో వేసి నీళ్లు పోసి కుతకుతలాడించాడు. చల్లారాక పాత చీరగుడ్డలో వడగట్టి, గంజీ నీలిమందూ కలిపాడు. తీరా కొడితే మజ్జిగనీళ్లు పూసినట్టుంది గాని గోడ తెల్లబడదు.

"ఆరితే తెలుపొస్తుందిలే. ఇంకో రెండు పూతలు కొట్టు," అంది చిన్నమ్మ మంచం మీంచి.

చేతులు పొక్కాయి. కనురెప్పలు తెల్లబడ్డాయి. స్టాండులో వాడి సవారీలను వేరేవాళ్లు ఎత్తుకుపోతున్నారు, ఓనరు ఫోన్ మీద ఫోన్ చేసి తిడుతున్నాడు. ఇక మానేద్దామని రోజూ అనుకునేవాడు. మిగిలిన గోడే ఆ గోడేమోనని మళ్లీ వచ్చేవాడు.

చివరికి వంటింటి గోడ ఒక్కటే మిగిలింది. ఉంటే గింటే ఇక్కడే ఉండాలి. గోకాడు, ఇటుకల దాకా పోయాడు. ఏమీ లేదు. సొంత ఆటో, అద్దం మీద పేరు, అన్నీ ఆ ఇటుకల ముందే కూలబడ్డాయి. వాడూ నేల మీద కూలబడి ఏడ్చేశాడు.

"ఏందిరా?" అంది విజయకుమారి కంగారుగా.

"సున్నం కంట్లో పడింది చిన్నమ్మా."

ఆ గోడకూ మూడు పూతలు పూర్తి చేశాడు. ఆమె వంజరం చేపల పులుసుతో కడుపు నిండా అన్నం పెట్టి, చేతిలో కొత్త చొక్కా పెట్టింది. కూలి ఇవ్వబోతే మాత్రం, "మనింటి పనికి కూలేంది చిన్నమ్మా," అని చేతులు అడ్డం పెట్టాడు. దొంగతనానికి వచ్చినవాడు కూలెలా తీసుకుంటాడు పాపం!

వాడి ఆటో మలుపు తిరిగాక రోజారమణి వచ్చింది. గది గదీ తిరిగి చూసింది. తెల్లటి గోడ మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది, పొడి అంటలేదు.

"మా ఇంట్లో కూడా పెయింటంతా బొబ్బలు లేచిపోతా ఉండాదక్కా," అని నిట్టూర్చి, విజయకుమారి చెవి దగ్గరికి వంగింది. "రేపు నెల్లూరికి మళ్లా వాడి ఆటోలోనే పోదాం. ఈసారి మా అత్త వడ్డాణం కత నేను చెప్తా, 'మెల్లగా మాట్లాడవే, వాడు వింటాడు' అని నువ్వను."