ఉపదేశి గారి సైకిలు

"ఏమండీ! సైకిలు పోయింది!"

లూర్దమ్మ కేక జగ్గయ్యపేటలో సగం ఊరికి వినిపించింది. ఉపదేశి ప్రేమానందం దుప్పట్లోంచి మొహం బయటపెట్టాడు.

"నిజంగానే పోయిందా?"

"గోడకి చేరేసిన చోట లేదు. పెరట్లో లేదు. వీధిలో కూడా చూశా, లేదు."

ప్రేమానందం మంచం మీదే లేచి కూర్చుని, కళ్ళు మూసుకుని, దేవుడికి మనసారా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. లూర్దమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"పీడా పోయింది. మీ మోకాళ్ళకి తైలం రాయలేక నా చేతులు పడిపోతున్నాయి."

అది బజార్లో కొన్న సైకిలు కాదు. ప్రార్థనల కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ నడిచి తిరుగుతున్న ఉపదేశి గారిని చూడలేక, సంఘంలోని వాళ్ళంతా ముచ్చటపడి చేయించిన సైకిలు. సైకిలు షాపు ఏసురత్నం బెజవాడ నుంచి గొట్టాలు తెప్పించి, కోసి, అతికించి, రంగులేసి, అంతా తన చేతుల మీదుగానే తయారు చేశాడు. గట్టిగా ఉండాలని అడ్డబారు ఒకటి వేయాల్సిన చోట రెండు వేశాడు. హార్మోనియం పెట్టుకోవడానికి ముందు ఇనప చట్రం ఉండి తీరాలన్నాడు సంఘం పెద్ద వరప్రసాదరావు. ఎండకి అయ్యగారి తల మాడిపోతుంది, గొడుగు నిలబెట్టే గొట్టం కావాలంది ముసలి ఆరోగ్యమ్మ. ఎవరేం అడిగినా ఏసురత్నం కాదనలేదు. తయారయ్యాక దాన్ని షాపు మెట్ల మీంచి దింపడానికి నలుగురు సాయం పట్టారు.

అది తొక్కితే ఓ పట్టాన కదలదు. కదిలినా ఎత్తు ఎక్కదు. ఎలాగో ఎక్కిందా, దిగేటప్పుడు ఆగదు. ప్రేమానందం ఊరు దాటేదాకా నవ్వు మొహంతో తొక్కి, ఆ తర్వాత చెమటలు కక్కుతూ తోసుకుపోయేవాడు. ఇలాగే సాగితే చేతికి కర్ర రావడం ఖాయమని డాక్టరు చెప్పేశాడు. వద్దని చెబుదామంటే, అంత ప్రేమగా చేయించిన వాళ్ళ మొహాలు చూడగానే అతనికి నోరు పెగిలేది కాదు.

ప్రేమానందం మొహం కడుక్కునే లోపే ఇంటి ముందు జనం పోగయ్యారు. ఆరోగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఠాణాలో చెబుదాం పదండి," అన్నాడు వరప్రసాదరావు.

"వద్దొద్దు!" ప్రేమానందం కంగారుగా చేతులు అడ్డం పెట్టాడు. "ఎవరో అవసరంలో ఉన్నవాడు పట్టుకెళ్ళి ఉంటాడు. పోనిద్దాం."

"ఎంత పెద్ద మనసండీ మీది!"

ఏసురత్నం ముందుకొచ్చాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీరేం బాధపడకండి అయ్యగారూ. ఇంకోటి చేస్తా. ఈసారి లారీల కింద వేసే ఉక్కు కమాన్లు వేసి మరీ చేస్తా. ఏనుగెక్కినా చెక్కు చెదరదు."

"వద్దు రత్నం, నడకే నాకు మంచిది," అనబోయాడు ప్రేమానందం. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. అప్పటికే కమాన్లు ఎక్కడ దొరుకుతాయో మాట్లాడేసుకుంటున్నారు.

ఇంతలో వీధి మొదట్లో గోల లేచింది.

"దొరికాడు! దొంగ దొరికాడు!"

ఎడ్లబండి ఒకటి వచ్చి ఆగింది. బండిలో సైకిలు ఉంది. దాని పక్కనే ఒక బక్కమనిషి వెల్లకిలా పడుకుని ఎగశ్వాస తీస్తున్నాడు.

"గరికపాడు దారిలో, ఎత్తు మధ్యలో పడున్నాడండీ," అన్నాడు బండివాడు. "వీడు కింద, సైకిలు పైన. ఇది ఉపదేశి గారిదేనని చూడగానే పోల్చుకున్నా."

వరప్రసాదరావు కళ్ళెర్ర చేశాడు. "బండి రావడం చూసి కూడా పారిపోలేదేంరా?"

"ఎట్టా పారిపోయేదండీ?" దొంగ నీరసంగా అన్నాడు. "నైజాం సరిహద్దు దాటిద్దామని బయల్దేరా. సగం దూరం పోయేసరికి కాళ్ళు బిగుసుకుపోయినయ్యి. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు ఒక్క అడుగు పడలా."

ఆరోగ్యమ్మ రెండు చేతులూ ఆకాశానికి ఎత్తింది.

"విన్నారా! దేవుడే వాడి కాళ్ళు పట్టుకున్నాడు! మన అయ్యగారి బండిని పొలిమేర దాటనివ్వలా!"

అందరూ ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఎవరో పాట కూడా ఎత్తుకున్నారు. ప్రేమానందం ఒక్కడే నిలబడి సైకిలు వంక చూశాడు. దానికి ఒక్క సొట్ట లేదు, ఒక్క గీత లేదు. దేవుడే కాపాడి తెచ్చిన సైకిలు అయిపోయాక ఇక దీన్ని జన్మలో వదిలించుకోలేడు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు ఉన్నట్టుండి ఒక ఆలోచన తట్టింది. ఎడ్లబండి దగ్గరికి నడిచి దొంగ భుజం మీద చెయ్యి వేశాడు.

"బాబూ, ఇంత కష్టపడ్డావంటే నీకెంత అవసరమో నాకర్థమైంది. నిన్ను క్షమించా. ఠాణా లేదు, కేసు లేదు. ఈ సైకిలు ఇక నీదే. తీసుకెళ్ళు."

పాట ఆగిపోయింది. ఆరోగ్యమ్మ మళ్ళీ కొంగు అందుకుంది. ఏసురత్నం వెక్కివెక్కి ఏడ్చాడు. తను చేసిన సైకిలు ఇంతటి పుణ్యకార్యానికి పనికొచ్చినందుకు అతనికి గర్వంగా కూడా ఉంది. ఎవరి మనసూ నొచ్చుకోలేదు. గుమ్మంలో లూర్దమ్మ పైట చాటున నవ్వుకుంది. ప్రేమానందానికి ప్రాణం దూదిపింజలా తేలికైంది.

"ఇంకా చూస్తావేంరా? అయ్యగారి పేరు చెప్పుకుని తొక్కుకుంటూ ఇంటికెళ్ళు," అన్నాడు వరప్రసాదరావు.

దొంగ సైకిలు వంక చూశాడు. రోడ్డు వంక చూశాడు. వణికే కాళ్ళతో బండి దిగి, వరప్రసాదరావు పాదాల మీద పడిపోయాడు.

"బాబ్బాబు, మీకు పుణ్యముంటుంది, నన్ను ఠాణాకే తీసుకెళ్ళండి!"