పచ్చచుక్క

"పాపని తీసుకురమ్మంటే మీరొక్కరే వచ్చారేంటండీ?"

కళ్యాణి గొంతులో విసుగు దాగలేదు. హైటెక్ సిటీలోని ఆ పెద్ద హోటల్లో, సదస్సు జరుగుతున్న హాలు తలుపు పక్కన, భూలక్ష్మి గోడకు ఒదిగి నిలబడి ఉంది. ట్రస్టు వాళ్ళిచ్చిన ట్యాబ్‌ని పాత తువ్వాలులో చుట్టి, ఫోనులాగా చెవికి ఆనించుకుంది. పలకరించగానే గబుక్కున దించేసింది. ట్యాబ్ ఎలా పట్టుకోవాలో కూడా తెలియని తల్లికి ఎంత చురుకైన కూతురో అనుకుని కళ్యాణి కాస్త మెత్తబడింది.

"అఖిల అమ్మమ్మోళ్ళూరికి పోయింది మేడమ్," అంది భూలక్ష్మి నేల చూపులు చూస్తూ.

కళ్యాణికి ప్రాణం ఉసూరుమంది. డిజిటల్ చదువుల మీద పెట్టిన ఈ సదస్సులో తర్వాత మాట్లాడాల్సింది ఆమే. నల్లగండ్ల, లింగంపల్లి వైపు లేస్తున్న భవనాల పక్కన రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకు ట్యాబ్‌లో పాఠాలు చెప్పించడం ఆమె ఉద్యోగం. అందుకు డబ్బిచ్చే కంపెనీ పెద్దలు ముందు వరసలోనే కూర్చున్నారు. వాళ్ళకు నచ్చితే ఇంకో ఏడాది నడుస్తుంది. నచ్చకపోతే నెలాఖరు నుంచి పాఠాలూ ఉండవు, ఆమె జీతమూ ఉండదు. ట్రస్టు మేనేజరు అవినాష్ పొద్దున్నే ఫోన్ చేసి ఆ మాట మొహమాటం లేకుండా చెప్పేశాడు. అంకెలు చూపిస్తే వాళ్ళు కునికిపాట్లు పడతారు, ఒక పిల్లని చూపించండి అన్నాడు.

అందుకే అఖిలని ఎంచుకుంది. నిజం చెప్పాలంటే ఆ పిల్ల ముఖం కళ్యాణి ఎన్నడూ చూడలేదు. కూకట్‌పల్లి ఆఫీసులో కూర్చున్న ఆమెకు పిల్లలందరూ తెర మీద చుక్కలే. ఆ రోజు పాఠం తెరిస్తే పచ్చచుక్క, తెరవకపోతే ఎర్రచుక్క. వారం రోజులు వరసగా ఎర్రచుక్క పడిందంటే ట్యాబ్ వెనక్కి తెప్పించి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అఖిల పేరు పక్కన మాత్రం సద్దుల బతుకమ్మ నాడు కూడా పచ్చచుక్కే.

పిల్ల రాకపోతే పోయె, ట్యాబ్ అయినా చూపిద్దామని కళ్యాణి చెయ్యి చాపింది. భూలక్ష్మి ఇవ్వలేదు. తువ్వాలు కొసలు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మల్ల నాకే ఇస్తరు గద మేడమ్?"

"మీదేనండీ. ఎవరూ తీసుకోరు."

"ఒట్టేనా?"

ఒట్టు అనేసి, ట్యాబ్ అందుకుని లోపలికి నడిచింది కళ్యాణి. భూలక్ష్మి తలుపు సందులోంచి ఆ ట్యాబ్‌నే చూస్తూ ఉండిపోయింది.

వేదిక మీద కళ్యాణి మాట తడబడలేదు. పాఠం ఎలా నడుస్తుందో, పిల్లలు పైకి చదివింది ట్యాబ్ ఎలా దాచుకుంటుందో, తప్పులు ఎలా దిద్దుతుందో చెప్పింది. ఆ తర్వాత పెద్ద తెర నిండా అఖిల పచ్చచుక్కలు, వాటి కింద ఏ రోజు ఎన్ని జవాబులు ఒప్పో పరిచింది. ఒక్క ఎర్రదీ లేదు. హాలంతా కదిలింది.

ముందు వరసలో ఒకాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. వేసవి దాకా ఈ అమ్మాయి జవాబులన్నీ ఒప్పే కదా, ఆ తర్వాత అన్నీ తప్పులే ఉన్నాయేమిటని అడిగాడు. ఆ సంగతి కళ్యాణి ఇంతకుముందు చూసింది గానీ, ఎవరినీ అడగలేదు. అడిగే తీరికా లేదు.

"పాఠాలు కష్టమయ్యాయి సార్. పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు లేరు. అయినా మానలేదు చూడండి. రోజూ తప్పు చేస్తూ కూడా రోజూ తెరిచింది. పట్టుదలంటే ఇది కాదా సార్?"

చప్పట్లు మోగాయి. ఆ ఊపులోనే కళ్యాణికి ఇంకో ఆలోచన వచ్చింది. కంపెనీ కొత్తగా తయారు చేసిన బొమ్మల పాఠాలు ఇవాళే విడుదలవుతున్నాయి. అవి తేలిక. మొట్టమొదట అందుకునే బిడ్డ అఖిలే కావాలంటూ అందరి ముందూ వాటిని ట్యాబ్‌లోకి ఎక్కించే మీట నొక్కింది. పాతవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని తెర అడిగింది. సరే అని నొక్కింది. చప్పట్లు మళ్ళీ మోగాయి. కళ్ళద్దాలాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. ఇంకో ఏడాది ఖాయమని అవినాష్ దూరం నుంచే బొటనవేలెత్తి చూపించాడు.

కళ్యాణి తేలికపడ్డ గుండెతో బయటికొచ్చి ట్యాబ్‌ని భూలక్ష్మి చేతిలో పెట్టింది. మీ అమ్మాయి వల్ల ఎంతమంది పిల్లల చదువు నిలబడిందో తెలుసా అంది. భూలక్ష్మి ఆ మాట విన్నట్టు లేదు. అలవాటైన చోట వేలితో నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"మేడమ్, ఈడ ఒత్తితే బిడ్డ పద్యం చదువుతుండె. ఇప్పుడు రాదేంది?"

"పాతవన్నీ పోయాయండీ. కొత్తవి ఇంకా బాగుంటాయి. అఖిల ఊరి నుంచి రాగానే మళ్ళీ చదవమనండి, అదే రికార్డు చేసుకుంటుంది. దానికంత కంగారెందుకు?"

భూలక్ష్మి ట్యాబ్‌ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది. లోపల ఏదో బొమ్మ కిలకిలా నవ్వుతోంది.

"అఖిల ఎండకాలంలనే సచ్చిపోయింది మేడమ్. ట్యాబ్ గుంజుకపోతరని దినాం నేనే ఒత్తుతున్న. గా గొంతొక్కటే మిగిలుండె నాకు."