బావ ఏటా మార్పించిన ఆయిల్

ఆయిల్ మార్చడం మొదలుపెట్టేటప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక పాత లగ్జరీ కారు, కొన్ని డబ్బాల కొత్త ఆయిల్, ఆ కారు నాకమ్మిన మా చెల్లెలి మొగుడి మాట. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ ఏటా మార్పించానన్నాడు కాబట్టే బేరమాడకుండా కొన్నాను.

షెడ్డులో కారును స్టాండ్ల మీదికెత్తి కిందికి దూరాను. చెల్లెలు టార్చి పట్టుకుంది. బావ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

గేర్‌బాక్సు అడుగు బోల్టు మీద ఫ్యాక్టరీవాళ్లు గీసిన పసుపు గీత చెక్కుచెదరలేదు. రెంచికి పైపు తగిలించి లాగితే, ఆ రంగు పెచ్చులుగా రాలి బోల్టు కదిలింది. తారులాంటి ఆయిల్ మోచేతి దాకా కారింది. కాలిన వెంట్రుకల కంపు.

"ఛీ! ఏటా మార్పించింది ఇదేనా బావా? ఈ బోల్టును ఇంతవరకు ఎవడూ ముట్టుకోలేదు."

"నీకేం తెలుసు? ఊరవతల పెద్ద మెకానిక్కు దగ్గర, పక్కనే ఉండి చేయించా. ఒట్టు!"

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

టార్చి వెలుగు బోల్టు మీంచి బావ మొహం మీదికి జరిగింది.

"ఆయిల్ మార్పించాలని ఏటా రెండ్రోజులు వెళ్లేవారు కదా," అంది చెల్లెలు మెల్లగా. "మరి ఆ రాత్రిళ్లు ఎక్కడున్నారు?"

"ముందు ఆ లైటు అటు తిప్పు."

ఆమె తిప్పలేదు. బావ స్టూలును వెలుగులోంచి వెనక్కి జరుపుకున్నాడు. ఆ మొహం కంటే నా చేతి మీది మడ్డి నయమనిపించింది.

గేర్‌బాక్సు అప్పటికే పాడైపోవడంతో, ఆ బేరంలో కారు తుక్కుకింద పోయింది. వచ్చిన లాభం ఒక్కటే. ఇక మా చెల్లెలు అతని మాటను ఊరికే ఇచ్చినా పుచ్చుకోదు.