పాత కార్డు

"ఈడ సంతకం పెట్టండి మేడం. మీ పాత కార్డు బాకీ అంతా మా బ్యాంకు కార్డుకు మారిపోతుంది. ఆరు నెలలు వడ్డీ ఉండదు," అంటూ ఏజెంటు పెన్ను అందించాడు.

ప్రసన్నకుమారి చిత్తూరులో నర్సు. ఆమె జీతం చూసి ఇచ్చిన కార్డే అయినా, అది పాకాలలో చెప్పుల అంగడి నడిపే మొగుడు యోగానంద జేబులోనే ఉండేది. బాకీని ఇలా బ్యాంకు మార్చడం ఇది మూడోసారి.

"పాత కార్డు మూసేస్తారా?" అని అడిగింది.

"అవసరం లేదు మేడం. మళ్లీ వాడుకోవచ్చు."

ఆ మాటకు ఎదురుగా కూర్చున్న యోగానంద ముఖం తేటపడింది. ప్రసన్నకుమారి అది చూసి పెన్ను కింద పెట్టింది.

"ఆ కార్డు ఇట్ల ఇయ్యండి. కత్తిరించినాకే సంతకం పెడతా."

యోగానంద జేబు మీద చెయ్యి వేసుకున్నాడే గానీ కార్డు తీయలేదు.

"అంగట్లో బేరాలు లేక ఏడాదయింది కుమారీ," అన్నాడు మెల్లగా. "నెలనెలా లాభమని నీ చేతికి ఇచ్చినదంతా దాంట్లో తీసిందే."

దుబారా చేస్తున్నాడని ఇన్నాళ్లూ మొగుణ్ణి సాధించింది. ఆ దుబారానే ఇంటిల్లిపాదీ తిన్నామని ఇప్పుడు తెలిసింది.

ఏజెంటును పంపేసి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"రేపు సెలవు పెడతా. ఇద్దరం పోయి అంగడి ఖాళీ చేసొద్దాం."

యోగానంద అంగడి తాళంచెవులు తీసి ఆమె చేతిలో పెట్టాడు.