వేరుశనగ కొట్లో గజ్జి

చేనిగట్టు కింద ఒక పందికొక్కు వేరుశనగల కొట్టు నడిపేది. ఉడతలు వరసగా కూర్చుని, కాయని రెండు చేతుల్తో పట్టుకుని పళ్లతో ఒలిచేవి. పనికొచ్చిన రోజు సాయంత్రం ఒక్కోదానికి గుప్పెడు గింజలు ఇచ్చేది పందికొక్కు. రాని రోజు ఏమీ లేదు.

ఒక ఉడతకి గజ్జి పట్టింది. అయినా పనికొచ్చింది. గట్టు మీద ఉండే గోరింకకి ప్రతిదీ అడిగి తెలుసుకోవడం అలవాటు.

"ఒంట్లో బాగోకపోతే ఇంట్లో పడుకోవచ్చుగా ఉడతక్కా?"

"పడుకుంటే సాయంత్రం పిల్లలకి నీ ప్రశ్నలు పెట్టనా?"

గోరింక వెళ్లి పందికొక్కుని అడిగింది.

"పడుకున్న రోజుకి గింజలెందుకివ్వాలి?" అంది పందికొక్కు.

నాలుగు రోజుల్లో గజ్జి వరసంతా పాకింది. ఒక చెయ్యి గోక్కోవడానికే పోతుంటే కాయ పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. ఒలవని కాయలు గుట్ట పడ్డాయి. అయిదో రోజు పందికొక్కుకీ అంటుకుంది. అది బొరియలోంచి బయటికి రాలేదు.

గోరింక లోపలికి తొంగి చూసింది. పందికొక్కు పడుకుని గింజలు నములుతోంది.

"మామా, ఇవాళ పనిలోకి రాలేదేం?"

"ఒళ్లంతా గజ్జి. కనిపించట్లా?"

"కనిపిస్తోంది. మరి పడుకున్న రోజుకి నీకు గింజలెవరిచ్చారు?"

పందికొక్కు నమలడం ఆపింది.

బయట ఆ మాట విని, మొదట గజ్జి పట్టిన ఉడత లేచింది. ఇవాళ్టికీ రేపటికీ ఎల్లుండికీ సరిపడా గింజలు కొట్లోంచి తీసుకుంది.

"తగ్గాక వస్తాను," అని బొరియ ముందు నిలబడి చెప్పింది. కాస్సేపు ఆగి చూసింది. లోపలినుంచి కాదన్న మాట రాలేదు. ఇంటికెళ్లి పడుకుంది.