ముప్పై లక్షల అల్లుడు

మా అమ్మాయి అదాఓరాని చేసుకుంటానని లాగోస్ నుంచి మా ఊరు ఎనుగుకి వచ్చిన కుర్రాడి పేరు ఉచెన్నా. అతిథి మర్యాదగా కోలా కాయ విరిచి చేతిలో పెడుతూ, ఏం చేస్తుంటావని అడిగాను.

"విదేశీ కంపెనీకి ఇంట్లోంచే కంప్యూటర్ పని చేస్తాను సార్. నెలకి ముప్పై లక్షల నైరాలు."

"శభాష్! మరి పన్ను?"

కుర్రాడు ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "డబ్బు బయటి దేశం నుంచి వస్తుంది కదా సార్. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలిసిపోయిందిగా! పన్నుల ఆఫీసులోనే తల నెరిసిందయ్యా నాకు."

కోలా ముక్క గొంతుకి అడ్డం పడింది. నీళ్ళు తాగి, "ముప్పై కాదు సార్, పది," అన్నాడు.

చేతులు కడుక్కునేసరికి ఆ పది లక్షలు ఐదయ్యాయి. దంచిన పెండలం ముద్ద, సూపు ముందుకొచ్చేసరికి రెండయ్యాయి.

"అవైనా పని దొరికిన నెలే సార్," అని తల దించుకున్నాడు. "మీ ముందు తక్కువైపోతానని గొప్పలు పోయాను."

పాపం అనిపించింది. "పోనీలే నాయనా, పన్ను సంపాదనకే గానీ గొప్పలకి కాదు. అమ్మాయ్, ఇతనికి ఇంకో మాంసం ముక్క వెయ్యి!"

అదాఓరా గరిటెతో వచ్చి ముక్క వేసి, నా వైపు ఉరిమి చూసింది.

"మళ్ళీ మొదలెట్టావా నాన్నా! ఉచెన్నా, నువ్వేం భయపడకు. ఈయన జన్మంతా బళ్ళో పిల్లలకి పాటలు నేర్పాడు. పన్నుల ఆఫీసు గుమ్మం కూడా తొక్కలేదు."

ఉచెన్నా మాంసం ముక్క తాపీగా నమిలి మింగి, తల ఎత్తాడు.

"అయితే ముప్పై లక్షలే సార్."